పేట నెంచుకొనుట: చెన్నపట్టణమున తెలుగు కుటుంబముల నివాసచరిత్ర

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పిరి. ఊరు మార్చి చూడుమని వారు వేఱుగా చెప్పలేదు. చెప్పవలసిన పని లేకపోయినది కాబోలు. ఈ సంచికను చదువు కుటుంబములలో పెక్కింటికి ఊరు మార్చుట తాతలనాటి అనుభవము. బెంగుళూరున నున్నవారినిగాని, షోలాపురమున నున్నవారినిగాని, చెన్నపట్టణమున నున్నవారినిగాని అడిగి చూడుడు. మూడు తరములో, పది తరములో వెనుకకు పోయి, ఒక బండిని, ఒక బాటను, ఒక చెఱువుగట్టును పేర్కొందురు. బరంపురమువారి విషయము వేఱు. 1936లో ఒడిస్సా రాష్ట్ర మేర్పడినపుడు వారు కదలలేదు, ఎల్ల కదలినది. యానామువారిని 1954 వఱకు పరాసుల యేలుబడి చుట్టుప్రక్కల గ్రామములనుండి వేఱుచేసి యుంచినది. తక్కిన మన మందఱమును ఎచ్చటినుండియో వచ్చినవారమే.

ఎచ్చటినుండి వచ్చితిమను కథ మన యిండ్లలో నిలిచియున్నది. వచ్చిన పిమ్మట ఆ పట్టణమున ఏ పేటలో దిగితిమి, తక్కిన పేటల విడిచి ఆ పేటనే యేల యెంచుకొంటిమి అను కథ మాత్రము అంతగా నిలువలేదు. మేము విచారింపదలచినది ఆ రెండవ కథను. పట్టణమును నిర్ణయించునది జీవనోపాధి; అది చాలవఱకు మన చేతిలో ఉండదు. పేటను నిర్ణయించుకొనునపుడు కుటుంబమునకు కొంత స్వాతంత్ర్య ముండును. పిల్లలు ఏ బడికి పోవుదురు, ఇల్లాలికి ఇరుగుపొరుగు ఎవరు, సాయంకాలము అరుగుమీద ఏ మాట వినబడును అనునవి యన్నియు పట్టణముచేత గాక పేటచేతనే తేలును. కావున ఇది చిన్న విషయమని తోచినను చిన్నది కాదు.

మొదట దేశ కాలముల సంగతి. బెంగుళూరు, కోలారు మెట్టసీమ సముద్రమట్టమునకు ఇంచుమించు 900 మీటర్ల యెత్తున నున్నది. అచ్చటనుండి కనుమలు దిగి చెన్నపట్టణమునకు వచ్చు కుటుంబమునకు మొదట తగులునది వేడిమి. వేడిమికంటెను గాలిలోని తడి యెక్కువ బాధించును. మెట్టసీమలో ఎండ తగ్గగానే చల్లబడును; సముద్రతీరమున రాత్రియు ఉక్క విడువదు. వానకాలమును మాఱిపోవును. జ్యేష్ఠాషాఢములనుండి వాన కెదురుచూచుటకు అలవాటుపడినవారు ఇచ్చట అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు వీచు ఈశాన్యపు గాలికై కాచియుండవలెను. ఏడాది వానలో సగమునకు మించి ఆ మూడు నెలలలోనే కురియును. మనవారు రోహిణీకార్తె యెండకు వెఱతురు. అరవసోదరులు భరణి చివరనుండి రోహిణి మొదటివఱకు గల దినములను ‘అగ్నినక్షత్ర’ మందురు, ‘కత్తిరి’ యందురు. పేళ్ళు వేఱైనను కాల్చు సూర్యు డొక్కడే. ఇట్టి వేడిసీమకు మనవా రేల దిగివచ్చిరి?

మొదట దిగివచ్చినది రాజ్యలక్ష్మి. 1565లో తల్లికోట యుద్ధము పిదప విజయనగర ప్రభువులు హంపిని విడిచి పెనుగొండ చేరిరి. పిమ్మట 1592 ప్రాంతమున రెండవ వేంకటపతిరాయలు చంద్రగిరికి రాజధానిని మార్చెను. రాజధాని ఆగ్నేయదిశగా జరిగినకొలది, దానివెంట దండనాయకులు, కరణములు, కోమట్లు, సాలెవారు, దేవాంగులు తీరపుభూములవైపునకు జరిగిరి. అంతకు పూర్వమే 1529లో విశ్వనాథనాయకునితో మధుర నాయకరాజ్యమును, 1532లో సేవప్పనాయకునితో తంజావూరు నాయకరాజ్యమును తెలుగు ప్రభువుల వశమైనవి. కోవిలుపట్టి, సాత్తూరు ప్రాంతపు నల్లరేగడి భూములలో స్థిరపడిన కమ్మవారు, రెడ్లు ఆ దక్షిణపు వలసలవారే. ఆ వలసకథను అరవమున ‘గోపల్ల గ్రామము’ అను పేర 1976లో నవలగా వెలయించిన కి. రాజనారాయణన్‌గారు ఇంట తెలుగు మాటాడు కుటుంబమున జన్మించినవారే. అనగా వేడిసీమకు మనవారు వెళ్ళినది వేడిమిని కోరి కాదు. నేల దొరకునను ఆశయు, మగ్గము ఆడునను నమ్మకమును, తమవారి ప్రభుత్వము గలదను ధైర్యమును వారిని దింపినవి.

చంద్రగిరి ప్రభువులక్రింద తీరభూముల నేలుచుండిన దామెర్ల వేంకటాద్రినాయకుడు 1639లో ఇంగ్లీషు కుంఫిణీవారికి మదరాసుపట్టణమున కోట కట్టుకొన ననుమతి యిచ్చెను. ఆయన తండ్రి చెన్నప్పనాయకుని పేరనే చెన్నపట్టణ మేర్పడెను. కోట కుత్తరమున ‘నల్లవారి పట్టణము’ పెరిగెను. కుంఫిణీవారికి కావలసినది నూలుబట్ట. దానిని సమకూర్చగలవారు తెలుగు వర్తకులు, తెలుగు అరవ నేతవారు. కావున పుట్టుకతోనే ఆ పట్టణపు వీధులలో మన భాష వినబడుచుండెను.

ఆ కాలమున పేటను కుటుంబము తన యిచ్చ వచ్చినట్లు ఎంచుకొనెనని తలపరాదు. కులములు కుడిచేతివారని, ఎడమచేతివారని రెండు పక్షములుగ చీలియుండెను. కోమట్లు కుడిచేతి పక్షము. బేరిసెట్లు ఎడమచేతి పక్షము. పెండ్లి ఊరేగింపు ఏ వీధిని పోవలెనను తగవుతో పట్టణమంతయు అట్టుడికిపోయిన దినములు గలవు. 1707, 1708 సంవత్సరముల తగవు మిక్కిలి ముదిరెను. అపుడు గవర్నరు తామస్ పిట్ పెద్దనాయకునిపేటను కుడిచేతివారికిని, ముత్యాలుపేటను ఎడమచేతివారికిని నిర్ణయించి, ఎల్లరాళ్ళు నాటించెను. నేడు ఆ రెండు పేటల నడుమ నడచువా రెవరికిని ఆ రాళ్ళు జ్ఞప్తికి రావు. కాని ఒకనాడు క్రొత్తగా వచ్చిన కుటుంబము గాలియు నీరును చూచుటకు ముందు, ఆ వీధి తమ పక్షమువారిది యగునా కాదా యని చూడవలసివచ్చెను.

నేతవారి విషయము ఇంకను విశేషమైనది. వారికొఱకు పేటలనే ప్రత్యేకముగా నిర్మించిరి. 1717 నుండి 1720 వఱకు గవర్నరుగా నుండిన జోసఫ్ కాలెట్ పేర తిరువొత్తియూరు చేరువను వెలసిన పేటయే జనుల నోట కాలడిపేట యైనది. 1734లో గవర్నరు జార్జి మార్టన్ పిట్ కాలమున కూవమునది వంపులో, మునుపు కుంఫిణీ ప్రధానవర్తకుడుగా నుండిన శుంకురామ సెట్టి తోట యున్న తావున, చింతాద్రిపేట లేచెను. ‘చిన్న తఱి పేట’ అనునదే ఆ నామమునకు మూలము. తఱి యనగా అరవమున మగ్గము. వడుకువారికి, నేతవారికి, అద్దకమువారికి, చలువవారికి, గుడిని సేవించువారికి తప్ప ఇతరులకు ఆ పేటలో చోటీయరాదని నియమము. ఆదికేశవస్వామికిని ఆదిపురీశ్వరునికిని ఆ పేటలో చేరువచేరువనే ఆలయములు వెలసెను.

ఇచ్చట మనము గమనింపవలసినది స్థలనిర్ణయము. కూవము అప్పుడు నేటి మురుగుకాలువ కాదు. నది వంపులో మూడు వైపుల నీరున్నది. నూలు తడుపుటకు, బట్ట ఉదుకుటకు, రంగు కడుగుటకు నీరే ప్రాణము. విశాలమైన తోటలో ఎండకు అడ్డము లేదు. ఉదికిన బట్టను నేలపై పఱచి, నీరు చిలుకరించుచు ఎండలో నుంచినగాని తెల్లబడదు. గాలిలో తడి యున్నచోట నూలుపోగు సులభముగా తెగదు. గుంటమగ్గము నేలలోనికి దిగియుండుటకు అదియు నొక కారణము. మెట్టసీమనుండి వచ్చినవారిని ఏ వేడిమి, ఏ తడి బాధించెనో, ఆ వేడిమియు ఆ తడియునే వారి వృత్తికి తోడ్పడినవి. శరీరమునకు ప్రతికూలమైన గాలి చేతిపనికి అనుకూలమైనది. మన పెద్దలు ఓర్చుకొనిన దేమో, దానివలన పొందిన దేమో ఒక్క మాటలో చెప్పవలెనన్న, ఇదియే.

ఎంచుకొనిన పేట ఎల్లకాలము నిలుచునను భరోసా లేదు. 1746లో పరాసులు చెన్నపట్టణమును పట్టుకొనిరి. 1749లో తిరిగి యిచ్చిరి. ఆ మూడేండ్లలో కోట కానుకొనియున్న పాత నల్లపట్టణమున పెద్దభాగము కూల్చబడెను. తిరిగి వచ్చిన ఇంగ్లీషువారు కోటచుట్టును బయలు ఉంచుకొనదలచి మిగిలినదానినికూడ తొలగించిరి. నేడు హైకోర్టు నిలిచియున్న తావుననే నాడు చెన్నకేశవస్వామి ఆలయ ముండెడిది. 1757లో అదియు తొలగింపబడెను. పిమ్మట క్రొత్త నల్లపట్టణమున చెన్నకేశవ, చెన్నమల్లేశ్వరుల జంట ఆలయములుగ మరల నిర్మింపబడెను. ఇల్లు పోయినవారు ముత్యాలుపేటకును, పెద్దనాయకునిపేటకును తరలిపోయిరి. వారి వెనువెంట దేవుడును తరలివచ్చెను. ఆ క్రొత్త నల్లపట్టణమునకే 1906లో జార్జిటౌను అను పేరు వచ్చినది.

ఆ తరలింపునందు మనవారు చేసిన పని యొకటి కలదు. వారు ఒకరొకరుగ చెదరిపోలేదు. వర్తకులు వర్తకుల దగ్గఱను, నేతవారు నేతవారి దగ్గఱను, గుడిని నడుమ నుంచుకొని కూడియే దిగిరి. వాసవీ కన్యకాపరమేశ్వరి దేవస్థానమును, దానికి చెందిన కొత్వాలుచావడి సంతయు జార్జిటౌనున తెలుగు వర్తకుల ఐకమత్యమునకు సాక్షులుగా నిలిచినవి. ఒక పేట పోయినను పొరుగు పోకుండ చూచుకొన్నవారు ఆ పెద్దలు.

హైదరాలీ దండయాత్రల భయమున 1760ల చివర నల్లపట్టణమునకు ఉత్తరమునను పడమరను గోడ కట్టసాగిరి. వాల్‌టాక్సు రోడ్డు అను పేరు నేటికిని దానిని తలపించును. 1772లో ఏడు బావులనుండి కోటకు మంచినీటి సరఫరా ఆరంభమైనది. ఆ తావునకు ఆ పేరు నేటికిని కలదు. గోడ కావల, ఉత్తరమున, చలువవారి మూలమున పేరు పొందిన చాకలిపేట పెరిగెను. పిట్టి త్యాగరాయ సెట్టిగారు ఆ ఉత్తరపు పేటల బిడ్డలే. దేవాంగకులజులై, నేతపరిశ్రమను నడపి, 1920లో చెన్నపట్టణ నగరసభకు ప్రభుత్వోద్యోగి కాని మొదటి అధ్యక్షులైనవారు. మగ్గముల పేటనుండి నగరసభ పీఠము వఱకు మనవారు నడచిన దూరమునకు ఆయన జీవితమే కొలమానము.

ఆనాటి యిండ్ల కట్టడిని చూచినచో, వేడిసీమకు మన పెద్దలెట్లు లొంగిరో, ఎట్లు లొంగలేదో తెలియును. వీధివైపు అరుగు, అరుగుపై నీడ. లోపల మండువా, నడుమ ఆకాశము కనబడు వాకిలి. వేడిగాలి పైకి పోవుటకును, వానధార లోపల పడుటకును అదియే తోవ. గోడలు మందము, సున్నపు పూత. దూలములపై ఇటుకలను నిలువుగ పేర్చి, సున్నముతో దిమ్మిసకొట్టిన మిద్దె మదరాసుకే పేరు తెచ్చినది. మధ్యాహ్నము దాటిన పిదప తూర్పునుండి సముద్రపు గాలి వచ్చును. ఆ గాలి వచ్చువేళకు తలుపులు తెఱచుట ఇంటిపనులలో నొకటి. విద్యుత్తు లేని దినములలో ఒక కుటుంబము సముద్రతీరమున సుఖముగా బ్రతికినదన్న, అది ఇంటి నేర్పువలన గాని, యంత్రమువలన కాదు.

పందొమ్మిదవ శతాబ్ది చివర దూరమను మాటకు అర్థము మాఱెను. 1895లో చెన్నపట్టణమున విద్యుత్ ట్రాము నడచెను. 1953 వఱకు అది తిరిగెను. 1931లో బీచినుండి తాంబరమునకు విద్యుత్ రైలు వచ్చినది. జార్జిటౌనున కొట్టు నడపువాడు మాంబళమున ఇల్లు కట్టుకొనవచ్చుననుట ఇప్పుడు సాధ్యమయ్యెను. 1920లో పట్టణనిర్మాణ చట్టము వచ్చినది. ఆ దశకముననే మాంబళమువద్దనున్న పొడవుచెఱువును పూడ్చి క్రొత్త నివాసస్థలము నేర్పఱచిరి. దానికి త్యాగరాయ సెట్టిగారి పేరు పెట్టిరి. నడుమనున్న ఉద్యానవనమునకు 1921 నుండి 1926 వఱకు ప్రధానమంత్రిగా నుండిన పానగల్లు రాజా రామరాయణింగారి పేరు పెట్టిరి. ఇట్లు చెన్నపట్టణపు మొదటి నవీన ఉపనగరమున ఇద్దఱు తెలుగువారి నామములు చిరస్థాయిగా నిలిచినవి. చేరువనే వడపళని, కోడంబాకములలో చిత్రనిర్మాణశాలలు వెలయగా, తెలుగు నటులు, రచయితలు, గాయకులు త్యాగరాయనగరున కాపురము పెట్టిరి.

పేట నెంచుకొనుటలో విద్యావంతులు వేఱొక మార్గము పట్టిరి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను స్థాపించిరి. 1914లో దానిని చెన్నపట్టణమునకు తెచ్చి దినపత్రిక గావించిరి. వారు మైలాపురమున లజ్ చేరువను నివసించిరి. వారి శ్రీబాగ్ గృహముననే 1937 నవంబరు 16వ తేదీన కోస్తా, రాయలసీమ నాయకుల నడుమ శ్రీబాగ్ ఒడంబడిక జరిగినది. ఆ సంవత్సరముననే దుర్గాబాయమ్మగారు ఆంధ్ర మహిళాసభను స్థాపించిరి. మైలాపురముననే, బులుసు సాంబమూర్తిగారి యింట, పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19వ తేదీన నిరశనము ప్రారంభించి, డిసెంబరు 15వ తేదీ రాత్రి ప్రాణములు విడిచిరి. అరవదేశపు ప్రాచీన క్షేత్రమగు మైలాపురము నడుమ తెలుగువారి చరిత్రలో ఇన్ని ఘట్టములు జరిగినవి. ఆ పేటలో మనవారు పెక్కుమంది కారు. కాని పత్రిక యుండెను, సభ యుండెను, తలుపు తెఱచియుంచిన ఇండ్లుండెను. సంఖ్య లేకున్నను సంస్థ యున్నచో భాష నిలుచునని ఈ పేట మనకు నేర్పును.

1953 అక్టోబరు 1వ తేదీన చెన్నపట్టణము లేకయే ఆంధ్రరాష్ట్ర మేర్పడినది. కార్యాలయములు పోయినవి, ఉద్యోగులు పోయిరి. తరువాతి దశకములలో చిత్రపరిశ్రమ క్రమక్రమముగా హైదరాబాదు చేరినది. పోగలవారు పోయిరి. మగ్గమును, కొట్టును, సొంత యిల్లును, తరతరముల పరిచయములును విడువలేనివారు నిలిచిరి. 2011 జనాభా లెక్కలలో తమిళనాట తెలుగు మాతృభాష యని చెప్పినవారు ఇంచుమించు 42 లక్షలు. నిలిచినవారి సంఖ్య అల్పము కాదు.

ఇచ్చట షోలాపురపు సోదరులను తలచుకొనుట ఉచితము. తెలంగాణమునుండి వచ్చిన పద్మశాలీలు ఆ పట్టణపు తూర్పుభాగమున మార్కండేయస్వామి నారాధించుచు, దుప్పట్లు నేయుచు, తెలుగు మాటాడుచు తరములు గడిపిరి. ఆ యిండ్ల స్త్రీలు బీడీలు చుట్టి సంసారములు నిలిపిరి. ఆ బీడీకార్మిక స్త్రీలు సహకారసంఘముగ నేర్పడి, నరసయ్య ఆడెంగారి నాయకత్వమున, కుంభారి గ్రామమువద్ద పదివేల యిండ్లను కట్టించుకొనిరి. 2006లో అవి వారి వశమైనవి. పిమ్మట రాయనగరున మఱి ముప్పదివేల యిండ్లకు పూనుకొనగా, అందు పదునైదువేలు 2024 జనవరిలో అప్పగింపబడినవి. ఎవరో యిచ్చిన పేటలో దిగుట కాక, తాము కోరి కూడి ఒక ఉపనగరమునే కట్టుకొనుట ఈ చరిత్రలో క్రొత్త అధ్యాయము. ఐనను ఒక సత్యమును దాచరాదు. కూడియుండుటవలన భాష నిలిచినది. అదే కూడిక కొన్ని తరములను ఒకే వృత్తికి, ఒకే కూలికి కట్టిపెట్టినది. కూడియుండుట మేలే, కూడియుండుటచేత దారులు మూసికొనిపోవుట మేలు కాదు.

ఇట్లు మూడు నాలుగు శతాబ్దముల అనుభవమును ప్రోగుచేసి చూచినచో, పేట నెంచుకొనుటకు మన పెద్దలకు నాలుగు గుఱుతులు కనబడుచున్నవి: నీరు, పని, రక్షణ, మాట. మొదటి మూటిని అప్పటి ప్రభువులును, వృత్తియును, కులకట్టుబాటును నిర్ణయించినవి. ఆ మూడును కుదిరినచోట నాలుగవది, అనగా మాతృభాష, ఎవరును కోరకయే తనంతట వచ్చి చేరెను. నేడు స్థితి తలక్రిందులైనది. ఎల్లరాళ్ళు లేవు, వృత్తి నియమము లేదు, ధనమున్నచో ఏ వీధినైనను కొనవచ్చును. ఈ స్వాతంత్ర్యము మన పూర్వులెఱుగని భాగ్యము. కాని నాలుగవ గుఱుతు ఇప్పుడు తనంతట రాదు. కోరి తెచ్చుకొనవలెను.

కావున మెట్టసీమనుండి చెన్నపట్టణమునకు దిగివచ్చు కుటుంబములకు, జార్జిటౌను విడిచి దూరపు ఉపనగరములకు తరలు కుటుంబములకు, మేము చెప్పదలచిన మాటలు కొన్ని కలవు. ఇల్లు చూచుటకు చైత్రమున పోకుడు. కార్తికమున, వాన కురియుచుండగా పోయి చూడుడు. 2015 డిసెంబరున వరదనీరు వేలచేరి, ముడిచ్చూరు మొదలగు తావులలో ఇండ్ల చొచ్చినది. అరవమున ‘ఏరి’ యనగా చెఱువు. చెఱువును పూడ్చి కట్టినచోట చెఱువు మరల వచ్చునని పాత కాపులు ఎఱుగుదురు, వారి నడుగుడు. 2019 వేసవిలో అదే నగరమునకు నీరిచ్చు జలాశయములు ఎండిపోయి, వీధులలో బిందెలు బారులు తీరినవి. 1983 ఒడంబడిక ననుసరించి తెలుగుగంగ కాలువ త్రవ్వబడి, 1996లో కృష్ణానీరు పూండి జలాశయము చేరినది. మన నది నీరు మన దాహము తీర్చుటకు ఇంతదూరము వచ్చుట సంతోషమే. ఐనను బావిని, వాననీటి గుంటను చూడకయే ఇల్లు కొనరాదు. పడమటి గోడకు నీడ యున్నదా, తూర్పుగాలికి కిటికీ యున్నదా, పైకప్పు కాలుచున్నదా యని చూడుడు. సముద్రమునకు దూరమైనకొలది ఆ గాలి ఆలస్యముగ వచ్చును, బలహీనముగ వచ్చును.

ఇక నాలుగవ గుఱుతు. 2006లో వచ్చిన తమిళవిద్యా చట్టము ననుసరించి తమిళనాటి బడులలో ఒకటవ తరగతినుండి తమిళము క్రమముగా తప్పనిసరి యయ్యెను. ఆ తరగతివారు పదవ తరగతి పరీక్షకు చేరువేళకు భాషాల్పసంఖ్యాకులు న్యాయస్థానముల నాశ్రయించి కొన్ని మినహాయింపులు పొందిరి. నివసించు దేశపు భాషను నేర్చుట మన ధర్మము. మన పెద్దలు నేర్చిరి, అందు గ్రంథములు వ్రాసిరి. తమిళము నేర్చుటవలన తెలుగు పోదు. తెలుగు నేర్పు చోటు లేకపోవుటవలన తెలుగు పోవును. బడిలో ఆ చోటు ఇఱుకైన కొలది, ఇంటిలోను పేటలోను దానిని పెంచుకొనవలెను. ఆదివారము పదిమంది పిల్లలకు అక్షరములు దిద్దించు ఒక వసారా, ఇరువది పుస్తకముల ఒక బీరువా, తాతమ్మలతో మనుమలు మాటాడుటకు వీలగు ఒక గది, నెలకొకసారి కూడుటకు ఒక ప్రాంగణము: ఇవి చాలును. క్రొత్త ఇల్లు చూచునపుడు రైలునిలయము ఎంతదూరమని అడుగుదుము, అంగడి ఎంతదూరమని అడుగుదుము. తెలుగు మాటాడు ఇల్లు ఎంతదూరమని కూడ అడిగిన తప్పేమి? ఒక్క వీధిలో నలువది యిండ్లు మనవి కానక్కఱలేదు. నడచిపోదగిన దూరమున నాలుగు ఉన్నను చాలును. రెండు కుటుంబములు కలిసి ఒకే పేటను నిర్ణయించుకొన్నచో, ఆ నాలుగింటిలో సగము అప్పుడే సిద్ధమైనట్లే.

చింతాద్రిపేటలో నేడు మగ్గముల చప్పుడు వినబడదు. కూవమునీట ఎవరును బట్ట ఉదుకరు. ముత్యాలుపేట, పెద్దనాయకునిపేటలలో పెక్కు మండువాలు పోయి గిడ్డంగులైనవి. పేటలు పుట్టును, మాఱును, ఒక్కొకప్పుడు పోవును. దానికి వగచి లాభము లేదు. పాత నల్లపట్టణము పోయిననాడు మన పెద్దలు గుడినికూడ వెంట తెచ్చుకొనిరి. నేడు ఇల్లు మార్చు ప్రతి కుటుంబమును సామానుల జాబితా వ్రాసికొనునపుడు, పెట్టెలు, పాత్రలు, పటములతోపాటు, తెలుగును మొదటి వరుసలో వ్రాసికొనవలెనని మా మనవి.